ఇరవై మూడో పిల్లర్ ఎదురుగా

పావురాల మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు. శాంతికి గుర్తు అంటారు, కాదనను. ఆ శాంతి అంతా మా బాల్కనీలోనే, అదీ తెల్లారి ఐదింటికే, అదీ నేను ఆరేసిన ఆఫీసు చొక్కాల మీదే ఎందుకు నెలకొనాలన్నది మాత్రం నాకు అర్థం కాదు. వల కట్టించాను. వల మీద కూర్చున్నాయి. మెరుపుకు భయపడతాయని ఎవరో చెబితే పాత సీడీలు వేలాడదీశాను. ఇప్పుడు వాటిలో ముఖం చూసుకుని మరీ కూర్చుంటున్నాయి.

ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఇవి మా కాలనీ పావురాలు కావు. ఫ్లైఓవర్ పావురాలు. నాచారం నుంచి ఉప్పల్ వైపు పోయే మా పాత ఫ్లైఓవర్ పొట్ట కింద, దూలాలకూ స్లాబుకూ మధ్య సందుల్లో తరతరాలుగా కాపురం ఉన్న కుటుంబాలు. ఆ ఫ్లైఓవర్‌ను కూల్చేసి, దాని బదులు భూమి లోపలి నుంచి సొరంగం తవ్వాలని పైవాళ్లు నిర్ణయించారు. మనుషుల అభిప్రాయం కనుక్కోవడానికి ఒక మీటింగు పెట్టారు. పావురాల అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగినా పెద్ద తేడా ఉండేది కాదు, మీటింగుకు నేను వెళ్లాను కాబట్టి చెబుతున్నాను.

పావురాలకు కనీసం మా బాల్కనీ దొరికింది. మా బావ సంగతే ఎటూ తేలలేదు.

బావ అంటే మా అక్క భర్త. మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు. ఫ్లైఓవర్ పక్కన సర్వీసు రోడ్డులో ఒక షట్టర్ వెడల్పు దుకాణం. లోపల బావ, ఒక స్టూలు, మూతల్లేని జార్లు, జార్లు లేని మూతలు. షాపుకు పేరు లేదు. బోర్డు మీద పసుపు రంగు మీద నల్ల అక్షరాలతో ఒక్కటే రాసి ఉండేది: మిక్సీ, గ్రైండర్ రిపేర్. పిల్లర్ నం. 23 ఎదురుగా.

ఈ ఊళ్లో అడ్రసు అంటే ఇంటి నంబరు అనుకునేవాళ్లు నిన్నో మొన్నో దిగినవాళ్లు. బావ షాపుకూ ఒక నంబరు ఉంది. మూడు అంకెలు, మధ్యలో గీతలు, ఆ తర్వాత రెండు బైలు, చివర ఒక ఇంగ్లీషు అక్షరం, ఆ అక్షరం పక్కన మళ్లీ ఒక అంకె. అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆ బిల్లు ఇచ్చే మనిషి కూడా పిల్లర్ నంబరు చూసుకునే వస్తాడు. ఫ్లైఓవర్ కట్టినవాళ్లు పని లెక్క కోసం ఒక్కో స్తంభం మీద ఒక్కో నంబరు వేసి పోయారు. ఆ నంబర్ల మీద మేమందరం మా జీవితాలు కట్టుకున్నాం. ఏఎస్ రావు నగర్ నుంచి వచ్చేవాళ్లకు ఇరవై మూడు, లాలాపేట్ నుంచి వచ్చేవాళ్లకు ఇరవై మూడు, దమ్మాయిగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లకూ ఇరవై మూడే. ఆటో ఎక్కి "ట్వెంటీ త్రీ" అంటే చాలు, ఇక ఆటోవాలా నోరు తెరిచేది కిరాయి దగ్గరే. మా అక్క పెళ్లయిన కొత్తలో చర్చిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. "ఇరవై మూడు వాళ్ల కోడలు" అనేవారు. అక్క మొదట్లో నొచ్చుకుంది. తర్వాత తర్వాత ఫోనులో తనే అలా చెప్పుకోవడం నేను విన్నాను.

ఫ్లైఓవర్ ముసలిదైపోయిందన్నది నిజం. లారీ ఎక్కితే అతుకుల దగ్గర ధనధనమని మోగేది. వానాకాలం పోయాక గోడల మీద మొక్కలు మొలిచేవి. పెచ్చులు ఊడి కింద పడేవి. ఒకసారి బావ షాపు ముందు రిపేరుకు పెట్టిన రాతి గ్రైండర్ మీద అరచేయంత పెచ్చు వచ్చి పడింది. గ్రైండర్‌కు ఏమీ కాలేదు. పెచ్చు పిండి అయిపోయింది. బావ ఆ గ్రైండర్ కంపెనీని నెల రోజులు పొగిడాడు. నెల తిరిగేసరికి హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు వచ్చి స్తంభాలను చిన్న సుత్తులతో కొట్టి, చెవి ఆనించి విని, ముఖాలు చూసుకుని వెళ్లిపోయారు. దవాఖానాలో డాక్టర్లు అలా ముఖాలు చూసుకుంటే ఏమిటో మనకు తెలుసు కదా. ఆ తర్వాతే మీటింగు.

మీటింగు ఒక ఫంక్షన్ హాల్లో. తెర మీద ఫొటోలు వేశారు. మొదటి ఫొటోలో మా ఫ్లైఓవర్, నల్లగా, కడుపు మాడినట్టు. రెండో ఫొటోలో ఫ్లైఓవర్ లేదు. బండ్లన్నీ భూమి లోపల పోతున్నాయి, పైన పచ్చగడ్డి, బెంచీలు, కుక్కను పట్టుకుని వాకింగ్ చేస్తున్న ఒక తెల్లామె. ఆమె నాచారంలో ఏ వీధిలో ఉంటుందో ఎవరూ అడగలేదు. అధికారి మైకు పట్టుకుని, దుమ్ముండదు, శబ్దముండదు, కొన్నేళ్లు ఓపిక పడితే చాలు అన్నాడు. అప్పుడు మా బావ లేచాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. చొక్కా వచ్చింది, బావ రాలేదు.

"సార్, ఒక్క డౌట్. టన్నెల్‌కు పిల్లర్లు ఉంటయా?"

"ఉండవండీ. అది భూమి లోపల కదా."

"లోపట వద్దు సార్. మీద?"

"మీదా ఉండవు. అసలు అడ్డమే ఉండదు. మొత్తం ఓపెన్."

"మరి మనిషి ఏడున్నడో ఎట్ల తెలుస్తది సార్?"

హాలంతా నవ్వింది. అధికారి కూడా నవ్వి, మంచి ప్రశ్న అని చెప్పి తర్వాతి ఫొటోకు వెళ్లిపోయాడు. అందులో కుక్క ఒక్కటే ఉంది, తెల్లామె పోయింది.

బండి మీద ఇంటికి వస్తుంటే బావ అన్నాడు: "నవ్విన్రు సూడు, వాళ్లంతా ఇండ్లున్నోళ్లు బామ్మర్దీ. దుకాణమున్నోడు ఒక్కడన్న నవ్విండా?"

పిల్లర్ ఇరవై ఐదు బిర్యానీ షాపతను కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వడం నేను చూశాను. ఆ సమయంలో చెప్పడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అంశాలు చెప్పే సమయం వచ్చింది. ఒకామె కొడుకు పరీక్ష గురించి చెప్పింది, ఇంకొకాయన మోకాలి నొప్పి గురించి. బావ లేచి నిలబడి, పిల్లర్ నంబర్ ఇరవై మూడు కోసం అందరూ జర ప్రార్థన చేయాలన్నాడు.

అయ్యగారు కళ్లజోడు సరిచేసుకుని, "అంటే, ఆ పిల్లర్ దగ్గరుండే మీ కుటుంబం కోసమా?" అని సాయం చేయబోయారు.

"మేము మంచిగనే ఉన్నమయ్యగారూ. పిల్లరే గండంల ఉన్నది."

అయ్యగారు పెద్ద మనిషి. పిల్లర్‌కూ మోకాలికీ మధ్య తేడా చూపించే రకం కాదు. మొత్తం సంఘం తలవంచి, ఒక సిమెంటు స్తంభం ఆయుష్షు కోసం ప్రార్థన చేసింది. నేనూ చేశాను. కళ్లు కాస్త తెరిచి చూస్తే అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను.

కూల్చడం ఉప్పల్ వైపు నుంచి మొదలైంది. అంటే పెద్ద నంబర్లు ముందు. ముందు పైన స్లాబును తీగరంపంతో కోసి, ముక్కలు ముక్కలుగా దించి, తర్వాత స్తంభాన్ని నమిలేవాళ్లు. బావ రోజూ సాయంత్రం నాకు ఫోను చేసి క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్పేవాడు. "ఇయ్యాల ముప్పై ఒకటి అవుట్." "ఇరవై తొమ్మిది గట్టిది బామ్మర్దీ, పొద్దుగాల సంది కొడుతున్నరు, ఇంకా క్రీజ్‌లనే ఉన్నది." ఇరవై నాలుగు పోయిన రోజు ఫోను రాలేదు.

మర్నాడు ఇరవై మూడు వంతు. పొద్దున్నే క్రేన్ వచ్చి, చేయి ఎత్తి, అలాగే ఆగిపోయింది. ఏదో పార్టు పోయింది. ఆ పార్టు ఎక్కడి నుంచో రావాలి. పది రోజులకు పైగా ఇరవై మూడు ఒంటరిగా, తల మీద బరువు లేకుండా నిలబడింది. ఆ మధ్య వచ్చిన ఆదివారం బావ తెల్ల చొక్కా వేసుకుని ముందుకు వెళ్లి సాక్ష్యం చెప్పాడు. ప్రభువు క్రేన్‌ను ముట్టాడన్నాడు. చప్పట్లు కొట్టారు. మంగళవారం పార్టు వచ్చింది. బుధవారం మధ్యాహ్నానికి పిల్లర్ లేదు. తర్వాతి ఆదివారం అయ్యగారు ఆ ప్రస్తావన తేలేదు. బావా తేలేదు.

అప్పటి నుంచి అసలు కథ. సర్వీసు రోడ్డు పొడవునా నీలిరంగు రేకులు. రేకుల అవతల గుంత. గుంతలో ఏం జరుగుతోందో చూడటానికి రేకులకు పెట్టిన చిన్న కంతల దగ్గర రోజంతా జనం. బావ షాపు ముందు మాత్రం ఎవరూ లేరు. ఫోన్లు వచ్చేవి. నేను అక్కడ కూర్చున్న ఒక సాయంత్రం జరిగిన సంభాషణ ఇది, స్పీకర్ పెట్టాడు కాబట్టి రెండు వైపులా విన్నాను.

"అన్నా, లాలాపేట్ నుంచి వస్తున్న. ఇరవై మూడు ఏడున్నది?"

"పోయిందమ్మా. ఇరవై మూడు ఉండేకాడికి రా."

"ఉండేకాడ అంటే ఏడ?"

"గదే, ఇప్పుడు లేనికాడ."

"ఏదీ లేదన్నా ఈడ. అన్ని రేకులే ఉన్నయి."

"ఆ, ఆ రేకులల్ల మూడో రేకు."

"అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి గదన్నా."

కాసేపు అవతల హారన్లు వినిపించాయి. తర్వాత ఆ లాలాపేట్ ఆమె, సరే మళ్లీ వస్తా అంది. మళ్లీ వస్తానన్నవాళ్లు మళ్లీ రారని బావకు తెలుసు. నేను మ్యాప్‌లో లొకేషన్ పంపడం నేర్పాను. ఆ లొకేషన్ సరిగ్గా గుంత మధ్యలో పడింది. ఏఎస్ రావు నగర్ నుంచి ఒక పెద్దాయన తడి గ్రైండర్ భుజాన పెట్టుకుని అక్కడిదాకా వచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో మిక్సీ షాపు లోపలే ఉందని, తన ఫోను అబద్ధం చెప్పదని పావుగంట వాదించి, గ్రైండర్ బరువుకు ఓడిపోయి వెళ్లిపోయాడట.

అక్క ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. బావ కూడా అక్కడే ఉన్నాడు, ఒక మోటారు విప్పుకుంటూ వినబడనట్టు.

"తమ్మీ, నాచారం ఫ్యాక్టరీల గేటు కాడ కూసునే పని ఉన్నదట. మన చర్చాయనే చెప్పిండు. ఈయనను పొమ్మంటున్న. గిరాకి లేదు, రోజంత ఈగలు గొట్టుడు."

"గేటు కాడ కూసుంటే ఈగలు ఉండయా?" అన్నాడు బావ.

"ఉంటయి. ఆ ఈగలకు జీతమిస్తరు."

బావ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "క్రిస్మస్ దాకా సూస్త. అప్పటికి గూడ జనం రాకుంటే షట్టర్ దించేస్త. నువ్వు జెప్పిన గేటు కాడనే కూసుంట. సరేనా? పనితనం పోలేదే, అడ్రస్ పోయింది. గంతే."

ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో జోకు లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి ఇంకొకరి గేటు దగ్గర కుర్చీలో ఎలా ఉంటాడో నేను ఊహించుకోవడానికి ప్రయత్నించి మానేశాను. తర్వాత జరిగిన దానికి ఇది నా సంజాయిషీ అనుకోండి.

ఎందుకంటే ఆలోచన నాదే. సర్వీసు రోడ్డు పక్కన, పాత మురుగు కాలువ పని నుంచి మిగిలిపోయిన సిమెంటు పైపు ఒకటి ఏడాదిగా పడుకుని ఉంది. మనిషి ఎత్తు కంటే పొడవు, నడుము మంచి లావు. నేను దాని వైపు చూస్తూ, ఇది పడుకుంటే పైపు, నిలబడితే పిల్లర్ అన్నాను. ఊరికే అన్నాను. కొందరి ముందు ఊరికే ఏదీ అనకూడదు. బావ లేచి వెళ్లి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మధ్యాహ్నం క్రేన్ అతను చాయ్ తాగడానికి వస్తే బావ అతనికి రెండు చాయ్‌లు, నాలుగు సమోసాలు పెట్టించి, హిందీలో ఏదో చెప్పాడు. అతను నవ్వాడు. అయిదు నిమిషాల పని. పైపు లేచి, ఇరవై మూడు ఉండేచోటుకు నాలుగడుగుల ఇవతల, సరిగ్గా షాపు ఎదురుగా నిలబడింది. బావ పసుపు రంగు పూసి, నల్ల రంగుతో నంబరు వేశాడు. రెండూ మూడూ అంత అందంగా రాయగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్క అన్నం డబ్బా పట్టుకుని వచ్చి ఆగిపోయింది.

"ఏందిది?"

"పిల్లర్," అన్నాడు బావ.

"దేని పిల్లర్?"

"మనది."

అక్క నా వైపు తిరిగింది. "ఈయనకైతే తెలివి లేదు. నువ్వన్న డిగ్రీ సదివినవు గద తమ్మీ?"

"డిగ్రీల పిల్లర్ల గురించి ఏం జెప్పలేదక్కా."

అన్నం డబ్బా స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆరోజు కూరలో ఉప్పు లేదు. మరిచిపోయిందో, అభిప్రాయం చెప్పిందో తెలియదు.

పిల్లర్ మాత్రం పనిచేసింది. మర్నాడే ఒక ఆటో దాని ముందు ఆగింది. లోపలి నుంచి ఒకామె మిక్సీ ఒళ్లో పెట్టుకుని దిగి, "ట్వెంటీ త్రీ కూలగొట్టిన్రు అన్నరు గదా?" అని అడిగింది. "అన్ని పుకార్లమ్మా," అన్నాడు బావ, చాలా గంభీరంగా. మూడు రోజుల్లో నలుగురు వచ్చారు. ఇద్దరు మిక్సీల కోసం, ఒకతను బిర్యానీ షాపు ఎటు అని, ఇంకొకతను పైపు ఎందుకు నిలబెట్టారని. బావ లెక్కలో నలుగురూ గిరాకీలే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా సర్వీసు రోడ్డులో ఎవరికైనా ఒక మంచి జరిగితే అది అందరికీ జరిగి తీరాలి. వారం తిరగకముందే టైలర్ ఒక తారు డబ్బాను నిలబెట్టి ఇరవై రెండు అని రాశాడు. బిర్యానీ అతను, అదే ఫంక్షన్ హాల్లో నవ్వినతను, పాడైన ఫ్రిజ్‌ను రోడ్డు మీదికి తోసి ఇరవై ఐదు చేశాడు. మందుల షాపతను పాత టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, దాని మీద ఏడు అని వేసుకున్నాడు. అతని ఎదురుగా ఎన్నడూ ఏడు లేదు, ఉన్నది ఇరవై ఆరు. అడిగితే, "లక్కీ నంబర్ అన్నా. ఎట్లాగు కొత్తగ ఏస్తున్నం గద, మంచిది ఏసుకుందమని," అన్నాడు. ఫ్లైఓవర్ లేకుండానే మా రోడ్డుకు పిల్లర్లు వచ్చేశాయి. ఏడు పక్కన ఇరవై ఐదు, దాని పక్కన ఇరవై మూడు. ఆటోవాలాలు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, చివరికి అలవాటు పడ్డారు.

అప్పుడు వచ్చాడు సైటు ఇంజినీరు. వరంగల్ వైపు కుర్రాడు, చేతిలో ట్యాబు, నెత్తిన హెల్మెట్, హెల్మెట్ కింద చెమట. మర్నాడు పెద్దసార్లు తనిఖీకి వస్తున్నారట. రేకుల వెంబడి నడుచుకుంటూ వచ్చి ఇరవై మూడు ముందు ఆగాడు. ట్యాబు చూశాడు. పిల్లర్ చూశాడు. మళ్లీ ట్యాబు చూశాడు.

"అన్నా, ఇదేంది?"

"ఇరవై మూడు సార్."

"ఇరవై మూడు తీసేసినం గదన్నా. ఈడ రికార్డుల ఉన్నది, ఫొటో గూడ ఉన్నది."

"రికార్డుల లేకుంటే ఏమాయె సార్, కండ్ల ముంగట ఉన్నది గద."

ఇంజినీరు వేలితో కొట్టి చూశాడు. లోపల డొల్లగా మోగింది. "ఇది ఏం మోస్తున్నదన్నా?"

"మా దుకాణాన్ని సార్."

కుర్రాడు నవ్వు ఆపుకోవడానికి హెల్మెట్ సర్దుకున్నాడు. తర్వాత తన కష్టం చెప్పుకున్నాడు. పైపు అని రాస్తే అది వేరే శాఖ వస్తువు. దాన్ని కదపాలంటే ఆ శాఖ నుంచి కాయితం రావాలి. కాయితం ఎప్పుడొస్తుందో దేవుడికి ఎరుక, తనిఖీ మాత్రం రేపే. అదే పిల్లర్ అని రాస్తే, పిల్లర్లు కూల్చే పర్మిషన్ తన చేతిలోనే ఉంది. డబ్బాలూ టైర్లూ ఫ్రిజ్జూ సామాను కిందికి వస్తాయి, ఎవరిది వాళ్లను తీసేయమంటే సరిపోతుంది. పైపుకే ఈ బాధ.

"అన్నా, ఒక సాయం జేస్తవా? ఇది పిల్లరే అని ఒక కాయితం మీద సంతకం పెడ్తవా? చుట్టుపక్కలోళ్ల సాక్ష్యం లెక్క."

ఇక్కడ మా బావ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. షాపు లోపలికి వెళ్లి, చేతుల గ్రీజు తుడుచుకుని, జేబులోంచి మంచి పెన్ను తీశాడు. ఇంజినీరు చెప్పింది చెప్పినట్టు రాశాడు: పైన చెప్పిన స్థలంలో, మిక్సీ దుకాణానికి ఎదురుగా నిలబడి ఉన్నది పిల్లర్ నంబర్ ఇరవై మూడు అని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకం. నేను వెనక నుంచి "బావా, బావా" అంటూనే ఉన్నాను. విన్లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ప్రభుత్వ కాయితం మీద అతని దుకాణమూ ఇరవై మూడూ ఒకే వాక్యంలో పడ్డాయి. అతనికి అదే కనిపించింది. ఇంజినీరు కాయితం మడిచి పెట్టుకున్నాక, నన్ను మోచేత్తో పొడిచి, "ఇగ మనల్ని ఎవడు కదిలిస్తడు?" అన్నాడు.

"బావా, అది పిల్లర్ అని రాసిచ్చినవు. పిల్లర్లను కూలగొట్టుడే గద ఆయన పని."

బావ నోరు తెరిచాడు. అది తెరిచి ఉండగానే ఇంజినీరు ఫోను తీసి మెషీన్‌ను రమ్మన్నాడు.

మా బావ పిల్లర్‌కు ఈ నగరంలో ఇంకే పిల్లర్‌కూ దక్కని మర్యాద దక్కింది. దాన్ని అధికారికంగా రెండుసార్లు కూల్చారు. మెషీన్ ఒక్క పోటు పొడిస్తే పడిపోయే పైపు కోసం చుట్టూ తాడు కట్టారు, రెండు వైపులా ఎర్రజెండాలు పట్టుకున్నారు, బండ్లు ఆపారు. కూల్చకముందు ఒక ఫొటో, కూల్చాక ఒక ఫొటో. మొదటి ఫొటోలో బావ కూడా పిల్లర్ పక్కన నిలబడి ఉన్నాడు, పెళ్లిలో ఫొటోకు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని. పక్కకు జరగమన్నా జరగలేదు.

ఇంజినీరు చెడ్డవాడు కాదు. పోతూ పోతూ బావ ముఖం చూడలేక ఆగాడు. "ఫికర్ జెయ్యకన్నా. టన్నెల్‌కు గాలి కోసం అక్కడక్కడ మీదికి గొట్టాలు పెడ్తం. పెద్దగుంటయి, మూడంతస్తుల ఎత్తు. అందుల ఒకటి సక్కగ నీ దుకాణం ముంగటనే వస్తది."

"దానికి నంబర్ ఉంటదా?" అన్నాడు బావ.

"ఉంటది. నాలుగు."

"ఎప్పుడొస్తది?"

"రెండేండ్లల్ల."

బావకు రెండో మాట వినబడినట్టు లేదు. ఆ సాయంత్రమే బోర్డు దించి, తుడిచి, కొత్తగా రాయించాడు: మిక్సీ, గ్రైండర్ రిపేర్. గాలి గొట్టం నం. 4 ఎదురుగా. త్వరలో. ఆ త్వరలో అన్న మాట గొట్టానికా, ఎదురుగాకా, రిపేరుకా అని నేను అడిగాను. మూడింటికీ అన్నాడు.

ఆదివారం అయ్యగారి చేత చెప్పించాడు కూడా: ఇరవై మూడు వాళ్లు ఇకపై గాలి గొట్టం నాలుగు వాళ్లు, దయచేసి గమనించగలరు. నేను వాట్సాప్‌లో తెలిసినవాళ్లందరికీ పంపాను. ఒకరు మాత్రం బదులిచ్చారు, గొట్టం రిపేరు కూడా చేస్తారా అని. డిసెంబరు వచ్చేసింది. చర్చికి నక్షత్రం కట్టారు. ఫ్యాక్టరీ గేటు పని కోసం ఇచ్చే దరఖాస్తు ఒకటి అక్క బైబిల్లో మడిచి ఉండటం నేను చూశాను. బావా చూసే ఉంటాడు. రోజూ తొమ్మిదింటికల్లా షట్టర్ ఎత్తి, బోర్డు తుడిచి, స్టూలు మీద కూర్చుని రేకుల వైపు చూసేవాడు. ఎవరైనా ఆ దారిన నడిస్తే వీపు నిటారు చేసేవాడు.

నాకు సెలవున్న ఒక మధ్యాహ్నం నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను. రేకుల పక్క నుంచి ఒక ముసలామె వస్తోంది. భుజానికి సంచి, చేతిలో గొడుగు. అటూ ఇటూ చూడటం లేదు, ఎవరినీ అడగడం లేదు. నేరుగా వచ్చి మా షాపు మెట్టు ఎక్కింది. బావ లేచి నిలబడ్డాడు. నా వైపు చూసిన ఆ చూపులో, ఇన్నాళ్లూ నేను నమ్మని దానికంతా జవాబు ఉంది.

"దమ్మాయిగూడ అమ్మ గదా!" అన్నాడు. "రెండు బస్సులు మారి వచ్చినవా? కూసో, కూసో. బామ్మర్దీ, నీళ్లియ్యి."

స్టూలు ఆమెకిచ్చాడు. నేను నీళ్లిచ్చాను. ఆమె గొడుగు ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగింది.

"కొత్త బోర్డు మంచిగ కనబడ్డదా అమ్మా?"

"ఏ బోర్డు?"

"గదే, మీద. గాలి గొట్టం నాలుగు."

ఆమె వెనక్కి వంగి చూసింది. "నాకు సదువు రాదు బిడ్డా."

"మరి పిల్లర్ గూడ లేకపాయె. ఎట్ల వచ్చినవు?"

"ఎట్ల వచ్చుడేంది? బస్సు దిగిన, నడిసిన, వచ్చిన. ఎన్నిసార్లు రాలే?"

బావ ముఖం వెలిగిపోయింది. "సూడు బామ్మర్దీ, సూడు!" అని, మళ్లీ ఆమె వైపు తిరిగి, చాలా ప్రేమగా, తనకు కావలసిన జవాబును ఆమె నోటి దాకా అందించాడు. "గట్లయితే ఇన్ని దినాలు ఎందుకు రాలేదమ్మా? పిల్లర్ లేదు, తొవ్వ దొరకదు అని ఎవరన్న జెప్పిన్రా?"

ఆమె ఖాళీ గ్లాసు నాకిచ్చి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"తొవ్వ దొరకక గాదు బిడ్డా. పోయినసారి నువ్వు జేసిన మిక్సీ మూడు దినాలు గూడ తిరగలే. కొత్తది కొనుక్కున్న. నా పాత జార్ మూత నీ కాడనే ఉన్నది, గది ఇస్తే నేను పోత."